ఏది అసాంఘికం? ఎవరిది సంఘం?

తెలుగు పత్రికల భాషలో 'అసాంఘిక కార్యకలాపాలు' అన్న మాటకు చాలాకాలంగా ఒక స్థిరమైన అర్థం ఉన్నది. పేకాట, గంజాయి, వ్యభిచారం, తాగి గొడవపడటం వంటివాటిని పోలీసులు తమ ప్రకటనల్లో ఆ మాట కిందనే కలిపి చెప్తారు. విలేకరులు దాన్ని ఉన్నదున్నట్టు దించుతారు. కొన్నేళ్లుగా ఈ మాట ఠాణా దాటి అపార్ట్‌మెంట్ల నోటీసు బోర్డుల మీదికి, వాట్సాప్ గ్రూపుల్లోకి ప్రవేశించింది. 'అసాంఘిక ప్రవర్తనను సంఘం సహించదు' అని సెల్లారులో అతికించిన కాగితం చూసినప్పుడు నాకు మొదట కలిగేది భాషకు సంబంధించిన సందేహమే. ఆ వాక్యంలో రెండుసార్లు వచ్చిన 'సంఘం' ఒకటేనా? యావత్ సమాజాన్ని సూచించే మాటా, అరవై ఫ్లాట్ల యజమానులు రిజిస్టరు చేయించుకున్న సంస్థను సూచించే మాటా మనకు ఒకటే కావడం యాదృచ్ఛికం కావచ్చు. కానీ ఆ పోలిక చాటున అరవై కుటుంబాల ఇష్టాయిష్టాలు సమాజనీతిగా చలామణి అవుతున్నాయి.

హైదరాబాద్ పశ్చిమాన ఒక మధ్యతరగతి అపార్ట్‌మెంట్‌లో నేను పన్నెండేళ్లుగా ఉంటున్నాను. అందులో రెండేళ్లు యజమానుల సంఘం కార్యవర్గంలో పనిచేశాను. బోధించేది సమాజశాస్త్రం కనుక, తరగతిలో పట్టణాల గురించి పాఠం వచ్చినప్పుడల్లా తాము అద్దెకుంటున్న భవనాల నోటీసులను ఫొటో తీసి తెమ్మని విద్యార్థులను అడగడం నాకు అలవాటు. దీన్ని సర్వే అనలేను. అయితే ఫిర్యాదుల పుస్తకాన్ని రెండేళ్లు దగ్గరుండి చూసిన మనిషికి, ఏ ఫిర్యాదు కాగితం మీదికి వస్తుందో, ఏది చెవిలో చెప్పే మాటగా మిగిలిపోతుందో తెలుస్తుంది. ఈ వ్యాసం ప్రధానంగా ఆ రెండో రకం గురించి.

ముందుగా, సంఘాలకు అధికారం ఎక్కడిదన్న ప్రశ్న. మన రెండు రాష్ట్రాల్లో అపార్ట్‌మెంట్ల యాజమాన్యానికి పునాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1987లో చేసిన అపార్ట్‌మెంట్ల చట్టం. యజమానులు సంఘంగా ఏర్పడాలని, ఉమ్మడి స్థలాల నిర్వహణకు నియమావళి ఉండాలని, ఆ ఖర్చును అందరూ పంచుకోవాలని అది చెప్తుంది. సంఘాలు సాధారణంగా 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కిందనో, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కిందనో నమోదవుతాయి. లిఫ్టు, మెట్లు, సెల్లారు, నీటి సంపు, మురుగు గొట్టాలు, డాబా సంఘం పరిధి. తలుపు లోపలి వంటగది, పూజగది, పడకగది ఆ పరిధిలోకి రావు. ఎవరింటికి ఏ చుట్టం రావాలో, ఏ పొయ్యి మీద ఏం ఉడకాలో నిర్ణయించే అధికారాన్ని ఏ చట్టమూ అధ్యక్ష కార్యదర్శులకు ఇవ్వలేదు.

ఇరుగుపొరుగు వల్ల నిజమైన ఇబ్బందులు లేవని నేను అనను. రాత్రి రెండింటికి పై అంతస్తులో డ్యాన్సులు చేస్తే కింద పరీక్షకు చదువుకునే పిల్లవాడి బాధ నిజం. తాగి సెల్లారులో బూతులు తిట్టుకునేవారినీ, పై డాబా మీంచి చెత్త విసిరేవారినీ అదుపు చేయాల్సిందే. కానీ ఇటువంటివాటికి కొలమానం ఉంది. శబ్ద కాలుష్య నియమాలు 2000లోనే వచ్చాయి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45 డెసిబెల్స్ పరిమితి. ఆ కొలత ముందు శబ్దం చేసినవాడి ఇంటిపేరుతో పనిలేదు. నేను కార్యవర్గంలో ఉన్న రోజుల్లో శబ్దం, నీటి లీకేజీ, పార్కింగు మీద వచ్చిన ఫిర్యాదులన్నీ రాతపూర్వకంగానే వచ్చాయి, ఎక్కువ భాగం పరిష్కారమయ్యాయి కూడా. చిక్కంతా కొలత లేని ఫిర్యాదులతోనే వచ్చింది. 'వాసన', 'వచ్చిపోయే జనం', 'వాళ్ల పద్ధతి', 'మన కల్చర్' అన్నవి అటువంటి మాటలు. వీటిని ఎవరూ పుస్తకంలో రాయరు. లిఫ్టులో కలిసినప్పుడు గొంతు తగ్గించి చెప్తారు.

వాసన సంగతే చూద్దాం. 2014 నమూనా నమోదు సర్వే ప్రకారం తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో మాంసాహారులు నూటికి 98 మందికి పైనే. ఇటువంటి చోట మాంసం వాసన మీద ఫిర్యాదు అధికసంఖ్యాకుల మాట ఎలా అవుతుంది? కొద్దిపాటి శాకాహారుల పట్టుదలే దీనికంతటికీ కారణమనుకుంటే సగమే అర్థమైనట్టు. ఆదివారం పూట మా భవనంలో కుక్కర్ల నుంచి వచ్చే మసాలా ఘాటు మీద ఏనాడూ ఎవరూ ఏమీ అనలేదు. ఎండుచేపలు వేయించిన రోజు మాత్రం 'నీచు వాసన' అన్న మాట మూడు అంతస్తులు తిరిగింది. ఆ మాట మొదట అన్నవారు శాకాహారులు కారు. కోడికూర తినేవారికి ఎండుచేపల మీద, ఎండుచేపలు తినేవారికి పెద్దకూర మీద చిన్నచూపు. పైనున్నవారిని ఏమీ అనలేని ప్రతి మెట్టూ కింది మెట్టును చూసి ముక్కు మూసుకుంటుంది. అంబేడ్కర్ శ్రేణీకృత అసమానత అని దేన్నైతే అన్నారో అది మన వంటగదుల మధ్య గోడల్లో ఇంకిపోయి ఉంది. మడి, మైల, అంటు అన్న పాత మాటలను చదువుకున్నవారు బహిరంగంగా వాడలేరు. వాటి స్థానంలో 'హైజీన్', 'డీసెన్సీ' వచ్చాయి.

నా పూర్వ విద్యార్థి ఒకతను, మాదిగ కుటుంబం నుంచి వచ్చి ప్రభుత్వ రంగ బ్యాంకులో అధికారి అయ్యాడు. భార్య ఉపాధ్యాయురాలు. నగరంలో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయంలో అద్దెకు దిగారు. ఊరి నుంచి తల్లిదండ్రులు, చెల్లెలు వైద్యానికని వచ్చి నెల రోజులున్నారు. తల్లి సాయంత్రం పూట కింద గార్డెన్ బెంచీ మీద కూర్చునేది. నెలకొక ఆదివారం నలుగురైదుగురు కుటుంబాలతో కలిసి హాల్లో ప్రార్థన పెట్టుకునేవారు. మైకు లేదు, డప్పు లేదు. సంఘం నుంచి ఆ దంపతులకు ఒక్క నోటీసు రాలేదు, ఒక్కరూ వారి తలుపు తట్టలేదు. ఒకరోజు ఇంటి ఓనరు ఫోన్ చేసి, 'మా అబ్బాయి అమెరికా నుంచి వస్తున్నాడు, పదకొండు నెలల అగ్రిమెంటు అయిపోయింది కదా' అన్నాడు. ఖాళీ చేసిన పది రోజులకు ఆ ఫ్లాట్ మళ్లీ టు-లెట్ ప్రకటనల్లో కనిపించింది. ఆ తర్వాత వాచ్‌మన్ చెప్పాడట, 'మీ మీద చాలా కంప్లయింట్లు పోయినయ్ సార్, అసోసియేషనోళ్లు ఓనరుతోని మాట్లాడిండ్రు' అని. ఏమని పోయాయి? 'ఎప్పుడూ జనమేనట, కల్చర్ లేదట.' అదే సముదాయంలో సత్యనారాయణ వ్రతాలకు కార్లు రోడ్డు దాకా నిలబడటం ఆ అబ్బాయి చూశాడు. అది జనం కిందికి రాదు.

ఇందులో నన్ను ఆలోచింపజేసింది అవమానం కంటే ఎక్కువగా ఆ పనితీరు. అద్దెదారు సంఘంలో సభ్యుడు కాడు, సమావేశానికి పిలుపు ఉండదు, ఓటు ఉండదు. సంఘం అతన్ని నేరుగా ఏమీ అనాల్సిన అవసరమే లేదు. ఓనరుకు ఒక ఫోన్ చాలు. ఓనరుకు పొరుగువారితో తగవు ఎందుకు? అగ్రిమెంటు పొడిగించకపోవడానికి కారణం చెప్పాల్సిన పనిలేదు కనుక అబద్ధమైనా చెల్లుతుంది. ఫిర్యాదు చేసినవారెవరో, దాన్ని విన్నవారెవరో, తీర్పిచ్చిందెవరో తెలియదు. కులం అన్న మాటను ఎవరూ నోట పలకకుండానే వెలి పూర్తవుతుంది. సుఖదేవ్ థోరట్, ఆయన సహచరులు దేశ రాజధాని ప్రాంతంలో అద్దె ఇళ్ల మీద చేసి 2015లో ప్రచురించిన అధ్యయనం, పేరును బట్టి దళితులకు, ముస్లింలకు ఇళ్లు నిరాకరించడాన్ని, ఇచ్చినా షరతులు పెట్టడాన్ని నమోదు చేసింది. అది గుమ్మం దగ్గర జరిగే నిరాకరణ. గుమ్మం దాటి లోపలికి వెళ్లినవారిని 'ప్రవర్తన' పేరుతో బయటికి పంపే పద్ధతి మీద మన దగ్గర అంత పని జరగలేదు. 2001 జనగణన ఆధారంగా త్రినా వితయాథిల్, గాయత్రీ సింగ్ చేసిన పరిశీలన, మన మహానగరాల్లో ఆర్థిక స్థాయిని బట్టి కంటే కులాన్ని బట్టే నివాసాలు ఎక్కువగా వేరుపడి ఉన్నాయని చెప్పింది. డబ్బు సంపాదిస్తే కులం దానంతటదే పోతుందని నమ్మే నా విద్యార్థులకు నేను తరచు చూపే వ్యాసం అది.

అసాంఘికం కానివాటి జాబితా కూడా ఒకసారి చూడాలి. మా పక్క బ్లాకులో ఒకాయన భార్యను కొట్టే చప్పుడు, ఆమె ఏడుపు లిఫ్టు దగ్గరికి వినిపించేవి. కార్యవర్గంలో నేను ప్రస్తావిస్తే, 'అది వాళ్ల ఇంటి విషయం మాస్టారూ' అన్నారు. ఎండుచేపల వాసన అందరి విషయమైన చోట, ఆడమనిషి ఏడుపు ఒక ఇంటి విషయమైంది! మరో సంగతి. పెంపుడు కుక్కలను లిఫ్టుల్లోకి రానివ్వకుండా నివాసుల సంఘాలు నిషేధించరాదని జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. కుక్కల పట్ల నాకు ఏ విరోధమూ లేదు, మా ఇంట్లోనూ ఒకటుంది. కానీ తొమ్మిదో అంతస్తులో అంట్లు తోమే మనిషి ఏ లిఫ్టు ఎక్కాలన్న ప్రశ్న మీద అటువంటి కాగితం ఏ సంఘం గోడ మీదా నేను చూడలేదు. 'పనివాళ్లు సర్వీసు లిఫ్టునే వాడవలెను' అన్న బోర్డు మాత్రం నా విద్యార్థులు తెచ్చిన ఫొటోల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఆ పనివాళ్లు ఏ కులాలవారో వేరే చెప్పనక్కర్లేదు.

సెప్టిక్ ట్యాంకులో, మురుగుశుద్ధి గుంతలో మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా విధించవచ్చు. మురుగు కాల్వల్లో మరణించినవారి కుటుంబాలకు పరిహారాన్ని 30 లక్షలకు పెంచుతూ సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో తీర్పు చెప్పింది. అయినా భవనం గుంత నిండినప్పుడు మేస్త్రీకి ఫోన్ చేసి, ఎవరు దిగుతున్నారో చూడకుండా డబ్బు చెల్లించి వోచరు రాసుకునే సంఘాలు ఉన్నాయి. ఒక మనిషి ప్రాణం పోయే పనిని పురమాయించడం కంటే అసాంఘికమైనది ఏముంటుంది? ఆ పని మాత్రం 'మెయింటెనెన్స్' పద్దు కింద జమ అవుతుంది.

ఊళ్ల చరిత్ర తెలిసినవారికి ఇందులో కొత్తేమీ కనిపించదు. కారంచేడులో 1985లో తాగే నీళ్లను పాడుచేసినవారి పని తప్పుగా లెక్కకు రాలేదు. ప్రశ్నించిన దళిత స్త్రీ తెగువే నేరమైంది. చుండూరులో సినిమా హాలులో కాలు తగిలిందన్న తగాదా సాంఘిక బహిష్కరణగా మారి, 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్యలకు దారితీసింది. రెండుచోట్లా మొదటి ఆరోపణ 'ప్రవర్తన' గురించే. నిజామాబాద్ ప్రాంతంలో గ్రామాభివృద్ధి కమిటీలు ఏ చట్టం అండా లేకుండానే జరిమానాలు వేస్తాయి, మాట వినని కుటుంబాలకు కిరాణా సరుకు, మంగలి, ఆటో బంద్ చేయిస్తాయి. పత్రికల జిల్లా పేజీల్లో ఇవి వస్తూనే ఉంటాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టళ్ల నుంచి బహిష్కరించినప్పుడు వారు ఆరుబయట వేసుకున్న గుడారానికి 'వెలివాడ' అని పేరు పెట్టుకున్నారు. 2016 జనవరిలో రోహిత్ వేముల మరణంతో దేశమంతటికీ ఆ తెలుగు మాట చేరింది. అక్కడా కాగితం మీద ఉన్నది క్రమశిక్షణే. అపార్ట్‌మెంట్ సంఘాన్ని నేను ఈ వరుసలో నిలబెట్టడం కొందరికి అతిశయోక్తి అనిపించవచ్చు. హింస తీవ్రతలో పోలిక లేదు, నిజమే. పద్ధతిలో ఉన్నది.

ఇతర దేశాల్లో దీన్ని ఎలా చూస్తారు? బ్రిటన్‌లో హౌసింగ్ అసోసియేషన్ అంటే తక్కువ అద్దెకు ఇళ్లు ఇచ్చే, లాభాపేక్ష లేని సంస్థ. అక్కడ అసాంఘిక ప్రవర్తనకు చట్టంలోనే నిర్వచనం ఉంది. 1998 చట్టాన్ని సవరించుకుంటూ వచ్చి 2014లో కొత్త చట్టం చేశారు. వేధింపు, భయం, మనోవేదన కలిగించే పనులు, ఇంట్లో ఉండేవారికి చికాకు కలిగించగల పనులు దాని కిందికి వస్తాయి. సంస్థ తన విధానాన్ని రాసి ప్రచురించాలి. ఇల్లు ఖాళీ చేయించాలంటే కోర్టు ముందు ఆధారాలు పెట్టాలి. ఫిర్యాదును ఎవరూ పట్టించుకోకపోతే సమీక్ష కోరే హక్కు బాధితులకు ఉంది. ఈ వ్యవస్థ పేదలను, మానసిక అనారోగ్యం ఉన్నవారిని ఎక్కువగా శిక్షించిందన్న విమర్శ అక్కడ బలంగానే ఉన్నది, 'చికాకు' అన్న మాట అక్కడా సాగుతుంది. పైగా సమానత్వ చట్టంలో కులాన్ని చేర్చాలని 2013లో పార్లమెంటు నిర్ణయించినా, హిందూ సంస్థల వ్యతిరేకత మధ్య 2018లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. అందుచేత బ్రిటన్‌ను ఆదర్శంగా చూపడం లేదు. ఎదుటి మనిషి మాట వినకుండా ఇల్లు ఖాళీ చేయించకూడదన్న కనీస పద్ధతి ఒక్కటి చాలు, మనం తెచ్చుకోవడానికి.

మన న్యాయస్థానాల దారి సూటిగా లేదు. అహ్మదాబాద్‌లోని జొరాస్ట్రియన్ సహకార గృహనిర్మాణ సంఘం కేసులో సభ్యత్వాన్ని పార్సీలకే పరిమితం చేసిన నిబంధనను సుప్రీంకోర్టు 2005లో సమర్థించింది. సంఘం పెట్టుకునే స్వేచ్ఛలో సభ్యులను ఎంచుకునే స్వేచ్ఛ ఉన్నదని, ప్రైవేటు సంఘాన్ని సమానత్వ అధికరణంతో కొలవలేమని దాని సారాంశం. అల్పసంఖ్యాకుల రక్షణ కోసమనిపించే ఈ వాదన ఆధిపత్య కులాల చేతిలో పడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. 2011లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసులో మాత్రం జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి ధర్మాసనం 15(2) అధికరణంలోని 'దుకాణాలు' అన్న మాటకు విశాలమైన అర్థం చెప్పి, ప్రైవేటు వ్యక్తుల వివక్షకూ రాజ్యాంగం అడ్డు నిలుస్తుందన్న దారి తెరిచింది. ఈ రెండు తీర్పుల మధ్య నివాసపు హక్కు ఇంకా ఊగిసలాడుతున్నది.

చట్టంలో ఆయుధాలు లేకపోలేదు. 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షన్, అంటరానితనం కారణంగా ఏ ప్రాంతంలోనైనా నివాసం పొందకుండా అడ్డుకోవడాన్ని నేరంగా పేర్కొంది. దాన్ని అద్దె ఇళ్ల విషయంలో వాడిన న్యాయవాది నాకు ఇంతవరకు తారసపడలేదు. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ సాంఘిక బహిష్కరణను, దాని బెదిరింపును శిక్షార్హం చేసింది. కులం పేరుతో చేసిన అవమానం 'ప్రజల కంటపడే చోట' జరగాలన్న షరతు మీద వాదోపవాదాలు ఉన్నాయి. ఇంటి నాలుగు గోడల మధ్య బయటివారెవరూ లేనప్పుడు అన్నమాట దాని కిందికి రాదని 2020లో సుప్రీంకోర్టు హితేష్ వర్మ కేసులో చెప్పింది. గేటు దగ్గర కారు పక్కన నిలబడ్డ డ్రైవరును దూషించడం దాని కిందికి వస్తుందని 2008లోనే స్వరణ్ సింగ్ కేసులో చెప్పి ఉన్నది. సెల్లారు, లిఫ్టు, గార్డెన్ బెంచీ ఈ రెండో తీర్పు వైపే నిలుస్తాయని నా అభిప్రాయం. అయితే నోరు జారనివాడిని ఈ చట్టాలు పట్టుకోలేవు. 'కల్చర్' అన్న మాటకు సెక్షన్ లేదు.

అందువల్ల పద్ధతి మీదనే పట్టుబట్టాలని నేను అనుకుంటున్నాను. సంఘానికి వచ్చే ప్రతి ఫిర్యాదూ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఏ తేదీన ఏ పని జరిగిందో అందులో ఉండాలి, మనిషి 'పద్ధతి' గురించి ఉండకూడదు. అద్దెదారుకు ప్రతి ఇచ్చి, అతని జవాబు విన్న తర్వాతే ఓనరుతో మాట్లాడాలి. అద్దెదారులకూ కార్యవర్గంలో ఒక చోటు ఉండాలి. ఆహారం, ప్రార్థన, బంధువుల రాకపోకలు, పనివారి లిఫ్టు మీద ఆంక్షలు పెట్టే నియమావళిని రిజిస్ట్రారు నమోదు చేయకూడదు, ఇప్పటికే ఉన్నవాటిని సవరించుకోమని అడగాలి. మా కార్యవర్గంలో మొదటి రెండింటిని నేను ప్రతిపాదించాను. 'అంత రాతకోతలెందుకు, మనమంతా ఒక కుటుంబం కదా' అని అధ్యక్షులు నవ్వారు. ఓటింగులో ఏడుగురిలో ముగ్గురం మిగిలాం.

సాంఘిక బహిష్కరణ మీద మహారాష్ట్ర 2016లో ప్రత్యేక చట్టం చేసింది. కుల పంచాయతీలను దృష్టిలో పెట్టుకొని రాసిన చట్టమది. గ్రామాభివృద్ధి కమిటీల ఆగడాల నేపథ్యంలో తెలంగాణకూ అటువంటిది కావాలని దళిత సంఘాలు, పౌరహక్కుల సంఘాలు అడుగుతున్నాయి. ఆ ముసాయిదా ఎప్పటికైనా తయారైతే, బహిష్కరించే సంస్థ అన్న నిర్వచనంలో ఊరి కమిటీతోపాటు రిజిస్టరైన నివాసుల సంఘాన్నీ, పరోక్షంగా ఓనరు ద్వారా ఇల్లు ఖాళీ చేయించడాన్నీ చేర్చమని న్యాయశాఖకు రాయడానికి నా విద్యార్థులు కొందరు ఇప్పుడు తమ నోటీసుల ఫొటోలను, తేదీలను వరుసపెట్టుకుంటున్నారు.